ఆపరేషనయ్యాక... మళ్ళీ ఆపరేషనా?

పెళ్ళి భోజనాల దగ్గర ఎవరి విస్తట్లో ఏముందో చూసేవాళ్ళకి మనలో కొదవలేదు. పోయిన మాఘమాసంలో గుంటూరులో ఒక పెళ్ళిలో మా పెద్దమ్మ కూతురి పక్కన కూర్చున్నాను. ఎదుటి వరసలోంచి ఒకావిడ, "ఏమ్మా, అంత డబ్బు పోసి కడుపు కోయించుకున్నావు, మళ్ళీ మొదటికొచ్చావేమిటి?" అని నలుగురికీ వినపడేలా అడిగేసింది. అక్క నవ్వేసి ఊరుకుంది. విస్తట్లో వేసిన బూరె మాత్రం ముట్టుకోలేదు.

అక్క 2013లో హైదరాబాదు వెళ్ళి స్లీవ్ ఆపరేషను చేయించుకుంది. అప్పుడు 104 కిలోలు. ఏడాదిన్నరలో 69కి దిగింది. పాత జాకెట్లన్నీ పనిమనిషికిచ్చేసి కొత్తవి కుట్టించుకుంది. నాలుగేళ్ళు బాగానే గడిచాయి. ఆ తర్వాత ఏడాదికి రెండు మూడు కిలోల చొప్పున చాపకింద నీరులా పెరిగి ఇప్పుడు 88 దగ్గరుంది. దానికి తోడు రాత్రి పడుకుంటే చాలు, పుల్లటి నీళ్ళు గొంతులోకొస్తాయి. మూడు తలగడలు ఎత్తుపెట్టుకుని సగం కూర్చునే నిద్రపోతుంది. ఇద్దరు డాక్టర్లకు చూపించుకుంటే ఒకరు "స్లీవ్‌ని బైపాస్‌గా మార్చేద్దాం" అన్నారు. ఇంకొకరు "ఇప్పుడు ఆపరేషనెందుకు, ఇంజెక్షన్లొచ్చాయి గదా" అన్నారు. "పేపర్లో రాస్తావు గదా, ఇందులో ఏది నిజమో కనుక్కుని చెప్పవే" అని అక్క నా మీద పెట్టింది. అలా మొదలైంది ఈ వ్యాసం.

అక్క ఒక్కతే కాదు. మన దేశంలో ఈ ఆపరేషన్లు జోరందుకుని పదిహేను, ఇరవై ఏళ్ళవుతోంది. అప్పట్లో పాతికేళ్ళకూ ముప్ఫయ్యేళ్ళకూ చేయించుకున్నవాళ్ళు ఇప్పుడు నలభైల్లో ఉన్నారు. మొదటి ఆపరేషను గురించి చెప్పే హోర్డింగులు ఊరూరా ఉన్నాయి. దాని తర్వాత పదేళ్ళకు ఏమవుతుందో చెప్పే హోర్డింగు నాకు ఇంతవరకూ కనపడలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో అధిక బరువున్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. దేశం మొత్తానికి ఆ అంకె 24. అంటే ఈ ఆపరేషను గదుల ముందు వరస పెరిగేదే గాని తరిగేది కాదు.

ముందుగా ఒక చిక్కు విడదీయాలి. లైపోసక్షన్ వేరు, ఇది వేరు. 2015 జూన్‌లో నటి ఆర్తి అగర్వాల్ న్యూజెర్సీలో చనిపోయినప్పుడు పత్రికలన్నీ అంతకుముందు ఆమె చేయించుకున్న లైపోసక్షన్ గురించి రాశాయి. అప్పటినుంచి మనవాళ్ళకు బరువు ఆపరేషన్లన్నీ ఒకటే అనే భ్రమ పట్టుకుంది. లైపోసక్షన్‌లో చర్మం కింద కొవ్వు లాగేస్తారు, అంతే. అది ఒంటి తీరు దిద్దడానికే గాని స్థూలకాయానికి వైద్యం కాదు. మనం మాట్లాడుకునేది జీర్ణకోశాన్నీ పేగునీ మార్చే బేరియాట్రిక్ ఆపరేషన్ల గురించి.

తప్పు తిండిదేనా?

బరువు తిరిగొస్తే మొట్టమొదట వచ్చే మాట "నోరు కట్టుకోలేదు". ఇంట్లోవాళ్ళంటారు, బంధువులంటారు, ఒక్కోసారి ఆపరేషను చేసిన డాక్టరూ అంటాడు. ఆ మాట ఎంతవరకు న్యాయమో అంకెలు చూద్దాం.

స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి వేలమందిని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం ఒకటుంది. దాని ఫలితాలు 2007లో వచ్చాయి. బైపాస్ చేయించుకున్నవాళ్ళు మొదటి ఒకటి రెండేళ్ళలో ఒంటి బరువులో సగటున 32 శాతం తగ్గారు. పదేళ్ళకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. జీర్ణకోశానికి బ్యాండు తొడిగించుకున్నవాళ్ళు మొదట 20 శాతం తగ్గి పదేళ్ళకు 14 దగ్గర ఆగారు. ఇంటి లెక్కలో చెప్పాలంటే వంద కిలోల మనిషి బైపాస్‌తో 68కి దిగి మళ్ళీ 75కి చేరింది. బ్యాండుతో 80కి దిగి 86కి చేరింది. ఇవి సగటు మనుషుల లెక్కలు, నోరు కట్టుకోలేనివాళ్ళవి మాత్రమే కావు. కొంత బరువు తిరిగి రావడం ఈ ఆపరేషను స్వభావంలోనే ఉంది. తగ్గిన బరువును తిరిగి తెచ్చుకోవాలని ఒళ్ళే పట్టుబడుతుంది. ఆకలి పుట్టించే హార్మోన్లు మళ్ళీ తలెత్తుతాయి, ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. వీటికి తోడు నెలసరి ఆగే వయసు, థైరాయిడ్, కుంగుబాటుకు వాడే కొన్ని మాత్రలు, స్టెరాయిడ్లు.

అదే అధ్యయనంలో ఆపరేషను చేయించుకున్నవాళ్ళలో మరణాలు తక్కువగా ఉన్నాయని కూడా తేలింది. అది కూడా చెప్పకపోతే అన్యాయం. నేను ఈ ఆపరేషనుకు వ్యతిరేకిని కాను. "ఒక్కసారి చేయించుకుంటే జన్మంతా నిశ్చింత" అని అమ్మిన తీరుకి వ్యతిరేకిని.

ఫిన్‌లాండ్‌లో 240 మందిని రెండు జట్లుగా చేసి ఒకరికి స్లీవ్, ఒకరికి బైపాస్ చేసిన పరిశోధన పదేళ్ళ ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ఉండవలసిన దానికంటే ఎక్కువున్న బరువులో స్లీవ్ జట్టు పోగొట్టుకున్నది 43.5 శాతం, బైపాస్ జట్టు దాదాపు 52 శాతం. మన లెక్కలో వేద్దాం. అయిదడుగుల ఒక అంగుళం ఎత్తు, వంద కిలోల బరువున్న ఆవిడకి ఉండాల్సింది అరవై అనుకుంటే, పదేళ్ళ తర్వాత స్లీవ్‌తో 82, 83 దగ్గరా బైపాస్‌తో 79 దగ్గరా ఉంటుందన్న మాట. హోర్డింగు మీది నాజూకు అమ్మాయి ఈ లెక్కలో ఎక్కడా లేదు. మా అక్క 88 ఆ సగటుకు మరీ దూరమేమీ కాదు. ఈ సంగతి చెప్తే అక్క చాలాసేపు మాట్లాడలేదు. పన్నెండేళ్ళుగా ఆమె తనని తాను తిట్టుకుంటూనే ఉంది మరి.

ఏది మరమ్మతు, ఏది మార్పు?

రెండోసారి చేసే దాన్ని డాక్టర్లు రివిజన్ సర్జరీ అంటారు. ఆ ఒక్క మాటలో మూడు వేరువేరు పనులున్నాయి. మొదటి ఆపరేషనులో వచ్చిన లోపాన్ని సరిచేయడం, దాన్ని ఇంకో రకం ఆపరేషనుగా మార్చడం, లేదా మొత్తం వెనక్కి తిప్పేసి వీలైనంతవరకు పాత స్థితికి తేవడం. ఏది కుదురుతుందనేది మొదట ఏం చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది.

బ్యాండు కథ త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇప్పుడు అది దాదాపు ముగిసిన కథ. అమెరికాలో 2001లో దానికి అనుమతి వచ్చాక ఒక పదేళ్ళు మహా వెలుగు వెలిగింది. కోత లేదు, ఎప్పుడంటే అప్పుడు తీసేయొచ్చు అన్నారు. తీరా అక్కడి ప్రభుత్వ బీమా లెక్కలు తీస్తే పాతికవేల పైచిలుకు మందిలో 18.5 శాతం మంది మళ్ళీ ఆపరేషను బల్ల ఎక్కారు. అదీ ఒక్కసారి కాదు, సగటున నాలుగుసార్లకు దగ్గరగా. ఈ లెక్క 2017లో అచ్చయింది. బ్యాండు జారిపోవడం, జీర్ణకోశం గోడను ఒరుసుకుని లోపలికి దిగడం, అన్నవాహిక ఉబ్బడం వీటికి కారణాలు. ఇంకా బ్యాండు ఉన్నవాళ్ళకు ఇబ్బంది వస్తే దాన్ని తీసేసి స్లీవ్‌గానో బైపాస్‌గానో మారుస్తారు. లోపల వాపు, పుండు ఉంటే ఇవాళ తీసి కొన్ని నెలలాగి రెండో పని చేయడం మంచిది. "ఒకే మత్తులో రెండూ అయిపోతాయి, ఖర్చు కలిసొస్తుంది" అని ఎవరైనా అంటే, కలిసొచ్చేది ఎవరికో కాస్త ఆలోచించండి.

మనదగ్గర ఎక్కువగా జరిగింది స్లీవ్. అందుకని దాని దగ్గర కొంచెంసేపు ఆగాలి. స్లీవ్‌లో జీర్ణకోశంలో ముప్పాతిక భాగం పైగా కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయ లాంటి సన్నటి గొట్టం. తీసేసిందాన్ని మళ్ళీ అతికించలేరు. అంటే స్లీవ్‌ని వెనక్కి తిప్పడమనేది లేదు, ముందుకు మార్చడమే. ఈ మాట మొదటి ఆపరేషను ముందు ఎందరికి చెప్పారో నాకు సందేహమే.

స్లీవ్ తర్వాత వచ్చే ప్రధాన బాధ పులితేన్పులు, గుండెమంట. గొట్టం సన్నం కాబట్టి లోపల ఒత్తిడి ఎక్కువ, ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. ఫిన్‌లాండ్ పరిశోధనలోనే పదేళ్ళకు అన్నవాహికలో పుండ్లు, ఒరుపులు కనపడినవాళ్ళు స్లీవ్ జట్టులో 31 శాతం, బైపాస్ జట్టులో 7 శాతం. మనవాళ్ళు దీన్ని "గ్యాస్" అని ఒక్క ముక్కలో తేల్చేసి మందుల షాపులో మాత్ర కొనుక్కుంటారు. ఏళ్ళ తరబడి ఆమ్లం తగిలితే అన్నవాహిక లోపొర మారిపోవచ్చు, కొందరిలో అది క్యాన్సరుకు దారి తీయొచ్చు. బాధ లేకపోయినా లోపల పుండు ఉండొచ్చు. అందుకే స్లీవ్ అయిన ఏడాదికి ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్ళకోసారి ఎండోస్కోపీ చేయించుకోమని ఈ సర్జన్ల అంతర్జాతీయ సంఘం సలహా. మా అక్క పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా చేయించుకోలేదు. చేయించుకోమని ఎవరూ చెప్పనూ లేదు.

ఈ మంటకి మందులు, పడుకునే తీరు, తినే వేళలు మార్చడంతో తగ్గకపోతే, సరైన దారి స్లీవ్‌ని మామూలు బైపాస్‌గా మార్చడమే. దీన్నే రూ-ఆన్-వై బైపాస్ అంటారు. జీర్ణకోశం పైభాగాన్ని చిన్న సంచిలా చేసి నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. ఆమ్లం, పైత్యరసం రెండూ ఆ సంచివైపు రాకుండా దారి మళ్ళుతాయి. అన్నవాహిక కిందుగా హెర్నియా ఉంటే అదే సమయంలో సరిచేస్తారు. ఇది మంటకు మంచి వైద్యం. బరువు మాత్రం దీనివల్ల మళ్ళీ అమాంతం తగ్గుతుందని ఆశపడకూడదు. మొదటిసారి తగ్గినంత రెండోసారి తగ్గదు, అది ఎవరి దగ్గర చేయించుకున్నా అంతే.

మంట లేదు, బరువే సమస్య అనుకున్నప్పుడు ఇంకొన్ని దారులున్నాయి. ఒకే కుట్టుతో చేసే బైపాస్‌ని మనదగ్గర మినీ బైపాస్ అంటారు. ఇది సులువు, బరువు బాగా తగ్గుతుంది, కాని పైత్యరసం సంచిలోకి రావొచ్చు. అందుకని మంట ఉన్నవాళ్ళకి ఇది నప్పదు. డుయోడినల్ స్విచ్, దానికి చెల్లెలులాంటి సాడి అనేవి ఇంకా బలమైనవి. తిన్నదాంట్లో చాలాభాగం ఒంటికి పట్టకుండా చేస్తాయి. అలాగే మాంసకృత్తులూ ఎ, డి, ఇ, కె విటమిన్లూ కూడా పట్టవు. విరేచనాలు, దుర్వాసనతో గ్యాసు మామూలే. పప్పు, పెరుగు తప్ప వేరే మాంసకృత్తులు ముట్టని ఇళ్ళలో ఇవి చేయించుకోవడం కత్తి మీద సామే. ఉబ్బిన స్లీవ్‌ని మళ్ళీ కోసి సన్నం చేయడం కూడా కొందరు చేస్తారు. గొట్టం నిజంగా ఉబ్బిందని పరీక్షలో తేలితే సరే. లేకపోతే ఉన్న గొట్టాన్ని ఇంకా సన్నం చేసి ఉన్న మంటని ఇంకా పెంచుకున్నట్టే.

మొదటే బైపాస్ అయినవాళ్ళ సంగతి వేరు. సంచికీ పేగుకీ మధ్య ద్వారం వెడల్పయి తిన్నది తొందరగా జారిపోతుంటే, నోట్లోంచి గొట్టం వేసి ఆ ద్వారాన్ని లోపలినుంచే కుట్టి బిగించవచ్చు. పొట్ట మీద కోత ఉండదు. కొంతమేరకు ఫలితముంటుంది. ఇంకో పద్ధతిలో పేగు దారిని మరింత పొడుగ్గా తప్పిస్తారు. దీనిలో పోషణ లోపం ప్రమాదం బాగా ఎక్కువ. మినీ బైపాస్ అయ్యాక మనిషి అతిగా చిక్కిపోయి, కాళ్ళు నీరు పట్టి, జుట్టు రాలి, రక్తంలో ఆల్బుమిన్ పడిపోతే అక్కడ బరువు ప్రశ్నే లేదు. తప్పించిన పేగును తగ్గించి కట్టడమో, మొత్తం వెనక్కి తిప్పడమో చేయాలి. ఇలాంటి మనిషిని చూసి "భలే సన్నబడ్డావే" అని మెచ్చుకునేవాళ్ళూ మనలో ఉన్నారు.

ఇంజెక్షన్లొచ్చాక...

2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన మార్కెట్లోకొచ్చాయి. మౌంజారో చిన్న మోతాదు వయల్ అప్పట్లో 3,500 రూపాయలు, తర్వాతి మోతాదు 4,375. వారానికొకటి. నెల లెక్క మీరే వేసుకోండి. వెగోవీలో ఉన్న సెమాగ్లుటైడ్ పేటెంటు గడువు మన దేశంలో 2026 మార్చి వరకే. దాంతో ఈ మందుల బేరమే మారిపోయే పరిస్థితి.

రివిజన్ ఆలోచనలో ఉన్నవాళ్ళకి ఇది చిన్న సంగతి కాదు. అంతకుముందు బరువు తిరిగొస్తే డాక్టరు చేతిలో ఉన్నది కత్తి, లేదా "నడవండమ్మా" అనే సలహా. ఆపరేషను తర్వాత ఆశించినంత తగ్గని 70 మందికి లండన్‌లో ఇదే జాతికి చెందిన పాత మందు లిరాగ్లుటైడ్ 24 వారాలు ఇచ్చి చూశారు. మందు తీసుకున్నవాళ్ళు సుమారు 9 శాతం తగ్గారు, ఉత్త సూది వేయించుకున్నవాళ్ళు ఒక శాతం కూడా తగ్గలేదు. ఇది 2023లో అచ్చయింది. కొత్త మందులు దానికంటే బలమైనవి. కాబట్టి బరువు ఒక్కటే సమస్యయితే, పుండు, మంట, అడ్డంకి ఏవీ లేకపోతే, ముందు మందు ప్రయత్నించి చూడడమే తెలివైన పని అని నా అభిప్రాయం. రెండో ఆపరేషనులో లోపలంతా అతుకులు పడి ఉంటాయి, కుట్లు లీకయ్యే ప్రమాదం మొదటిదానికంటే ఎక్కువ. మందు వికటిస్తే ఆపేయొచ్చు. కోసిందాన్ని ఆపలేం.

కాని ఇంజెక్షను గుండెమంటను మాన్పదు. పైగా అది జీర్ణకోశం ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తుంది, వాంతులు, వికారం మామూలు. మా అక్క లాంటివాళ్ళకు ఆ రెండో డాక్టరు సలహా అందుకే సగమే సరి. ఇంకోటి, ఆపేస్తే బరువు తిరిగొస్తుంది. సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చిందని 2022 నాటి ఫలితాల్లో తేలింది. జిమ్ములో పరిచయమైనవాళ్ళ దగ్గరా, డాక్టరు చీటీ లేకుండా షాపులోనూ కొని పొడుచుకునే మందు కాదిది.

దాచిపెట్టిన కోత

ఇది ఒక నర్సింగ్ హోములో చాలాకాలం పనిచేసిన నర్సు చెప్పిన సంగతి. ఒకమ్మాయికి పెళ్ళికి ముందు పుట్టింటివాళ్ళు బైపాస్ చేయించారు. సంబంధం తప్పిపోతుందని అత్తవారికి చెప్పలేదు. అల్లుడికీ చెప్పలేదు. బరువు తగ్గాక నెలసరి సరిపడి, అనుకోకుండా వెంటనే నెల తప్పింది. మూడు వారాలు ఆగకుండా వాంతులు. వేవిళ్ళే అనుకున్నారు. ఆ ఊళ్ళో నర్సింగ్ హోములో గ్లూకోజు ఎక్కించారు. రెండో రోజుకి అమ్మాయికి ఒకటి రెండుగా కనపడసాగింది, నడక తూలింది. తల్లి వచ్చి డాక్టరును పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పాక గాని బి1 విటమిన్ ఇంజెక్షను పడలేదు. సమయానికి పడింది కాబట్టి తేరుకుంది.

ఇలాంటి ఆపరేషనయినవాళ్ళకి వాంతులు పట్టుకుంటే ఒంట్లో బి1 నిల్వ కొద్ది వారాల్లోనే అడుగంటుతుంది. ఆ స్థితిలో బి1 ఇవ్వకుండా ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకే ముప్పు. చిన్న ఊళ్ళో ఉన్నవాళ్ళు పర్సులో ఒక చీటీ మీద "నాకు ఫలానా ఏడాది ఫలానా ఆపరేషనయింది" అని రాసి పెట్టుకోవడం నామోషీ కాదు.

గర్భం విషయంలో మరి రెండు మాటలు. మొదటిదైనా రెండోదైనా, ఆపరేషనయ్యాక ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోమంటారు. బైపాస్ అయినవాళ్ళకి గర్భనిరోధక మాత్ర సరిగ్గా ఒంటపట్టకపోవచ్చు. మౌంజారో మొదలుపెట్టినప్పుడూ, మోతాదు పెంచినప్పుడూ కూడా మాత్ర బలం తగ్గుతుంది. ఇలాంటప్పుడు కాపర్-టి లాంటిదే నయం. సెమాగ్లుటైడ్‌ని గర్భం కోరుకునే ముందు కనీసం రెండు నెలలు ఆపేయాలి. బైపాస్ అయిన గర్భిణికి కడుపులో తీవ్రంగా నొప్పి వస్తే నొప్పులేలే అని ఇంట్లో కూర్చోకూడదు, లోపల పేగు మెలిపడి ఉండొచ్చు.

రక్తం సంగతి కూడా. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అసలే రక్తం లేని ఒంటికి ఇనుము పట్టకుండా చేసే ఆపరేషను మీద ఇంకో ఆపరేషను! నెలసరి వచ్చే స్త్రీలకు రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాముల ఇనుము, 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాముల కాల్షియం, బి12, డి విటమిన్లు జీవితాంతం కావాలి. ఇనుము, కాల్షియం మాత్రలు ఒకే పూట వేసుకుంటే ఒకదాన్ని ఒకటి అడ్డుకుంటాయి. మాంసకృత్తులు రోజుకు కనీసం 60 గ్రాములు. గుడ్డుకు ఆరు గ్రాములు, గ్లాసు పాలకు ఆరేడు. ఇంట్లో అందరికీ వడ్డించి చివర్లో మిగిలిన చారన్నం తినేవాళ్ళకి అరవై గ్రాములు ఎక్కణ్ణుంచి వస్తాయి? తన కోసం రెండు గుడ్లు విడిగా ఉడకబెట్టుకోవడానికి కూడా మొహమాటపడే ఆడవాళ్ళు నాకు తెలుసు.

కాగితాలు ఉన్నాయా?

రెండో ఆపరేషనుకు వెళ్ళేవాళ్ళని మంచి సర్జను అడిగే మొదటి ప్రశ్న, పాత ఆపరేషను నోట్సు ఉందా అని. పేగు ఎంత పొడుగు తప్పించారు, సంచి ఎంత ఉంచారు, ఏమైనా ఇబ్బంది వచ్చిందా అనేవి అందులోనే ఉంటాయి. డిశ్చార్జి సమ్మరీలో సాధారణంగా ఇంత వివరం ఉండదు. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. అయితే అవే నిబంధనల్లో ఆ రికార్డులు మూడేళ్ళు ఉంచితే చాలని కూడా ఉంది. పదేళ్ళ తర్వాత అవసరపడే కాగితాన్ని మూడేళ్ళే దాచమనడం ఎవరికి సుఖమో గాని పేషంటుకి కాదు. కాబట్టి ఇప్పుడు ఆపరేషను చేయించుకుంటున్నవాళ్ళు ఇంటికెళ్ళే రోజునే ఆపరేషను నోట్సు కాపీ అడిగి తీసుకోండి. బంగారం దాచుకునే బీరువాలోనే దాచండి.

ఆ తర్వాత పరీక్షలు. ఎండోస్కోపీ, బేరియం లాంటి మందు తాగించి తీసే ఎక్స్‌రే, ఒక్కోసారి సి.టి. స్కాన్, మంట ఉంటే 24 గంటల ఆమ్లం పరీక్ష, రక్తంలో ఇనుము, బి12, డి, ఆల్బుమిన్. వీటితో పాటు డైటీషియన్, అవసరమైతే మనస్తత్వ నిపుణులు. ఈ పరీక్షలేవీ లేకుండా మొదటిసారి కలిసినప్పుడే తేదీ ఇచ్చేసే చోటు నుంచి లేచి రావడమే మంచిది.

ఇక బీమా. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఖరారు చేసిన షరతుల ప్రకారం స్థూలకాయం ఆపరేషనుకు డబ్బు రావాలంటే బి.ఎం.ఐ. 40 పైన ఉండాలి. లేదా 35 పైన ఉండి తీవ్రమైన గుండెజబ్బు, అదుపులేని మధుమేహం, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు లాంటివి ఉండాలి. అయిదడుగుల ఒక అంగుళం మనిషికి 35 అంటే 84 కిలోలు, 40 అంటే 96. వైద్య సంఘాల 2022 మార్గదర్శకాలు మాత్రం ఆసియా వాళ్ళకి 27.5 దాటితేనే, అంటే అదే మనిషికి 66 కిలోలు దాటితేనే, ఆపరేషను ఆలోచించవచ్చంటున్నాయి. డాక్టరు ఒకటి చెప్తాడు, పాలసీ ఇంకోటి చెప్తుంది. ఆ మధ్య దూరం మన గాజులు తాకట్టు పెట్టి పూడ్చాల్సిందే.

పాలసీ జబితాలో గుండెమంట లేదు, గమనించారా? స్లీవ్ వల్ల అన్నవాహిక పుండైన మనిషికి చేసే బైపాస్ నిజానికి బరువు కోసం కాదు. అది ఒక జబ్బుకి వైద్యం. ఆ సంగతి డాక్టరు ఎండోస్కోపీ రిపోర్టు జతచేసి స్పష్టంగా రాయాలి. ఆస్పత్రిలో చేరకముందే కంపెనీ నుంచి అనుమతి రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. "తర్వాత చూసుకుందాం లెండి" అనే కౌంటరు మాట నమ్మి కూర్చుంటే తర్వాత చూసుకోవలసింది మనమే.

మా అక్కకి పోయిన నెలలో ఎండోస్కోపీ అయింది. అన్నవాహిక కింది భాగంలో ఒరుపులున్నాయి, చిన్న హెర్నియా ఉంది. ముక్క పరీక్షలో లోపొర మారలేదని వచ్చింది, అదొక్కటీ ఊరట. పాత ఆస్పత్రికి ఫోను చేస్తే 2013 ఫైలు లేదన్నారు. వెళ్ళి రాతపూర్వకంగా అడిగితే ఎక్కడో కంప్యూటరులో ఒక పేజీ దొరికింది. ఆ పేజీ తీసుకుని మూడో డాక్టరు దగ్గరకెళ్ళింది. ఆయన తేదీ ఇవ్వలేదు. మూడు నెలలు మంటకి మందు, ఇనుము ఇంజెక్షన్లు, రాత్రి ఏడింటికల్లా భోజనం ముగించడం, ఆమ్లం పరీక్ష, అప్పటికీ తగ్గకపోతే బైపాస్ అన్నాడు. "బరువెంత తగ్గుతానండీ?" అని అక్క అడిగితే, "ఇది మీరు పడుకుని నిద్రపోవడానికి చేసే ఆపరేషనమ్మా, బరువు తగ్గితే కొసరనుకోండి" అన్నాడట.

అక్క ఇప్పుడు ఏడింటికి ఒక్కతే కూర్చుని తినేస్తోంది. బావగారికి మొదట వింతగా ఉందిట. పోయిన ఆదివారం నుంచి ఆయనా ఏడింటికే కూర్చుంటున్నాడు.